దండ తీసే చెయ్యి

ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో, వకుళ చెప్పిన హరికథలో, హనుమంతుడు సముద్రం దాటకముందే లంక తగలబెట్టేశాడు.

జనం ముందు తెల్లబోయారు, తర్వాత నవ్వారు. వయొలిన్ వాయించే ఆయన కమాను ఆపి తలొంచుకున్నాడు. వకుళ తడబడి, కథ వెనక్కి తిప్పి సముద్రం దాటించబోయింది. ఒక కాలి గజ్జె రెండో కాలి గజ్జెకి తగులుకుంది. మెడలో దండతో, చేతిలో చిడతలతో వేదిక మీద కూలబడింది. ముందు వరసలో వాళ్ళకి వాసన కొట్టింది.

పందిరి వెనక కమిటీ పెద్దలు పొద్దుట్నుంచీ పుచ్చుకుంటూనే ఉన్నారు. మగవాళ్ళు పందిరి వెనక తాగితే దాన్ని అలసట తీర్చుకోవడం అంటారు. ఆడది వేదిక మీద తాగి పడితే కలికాలం అంటారు. "ఆడకూతుళ్ళకి హరికథ ఎందుకని నేను ముందే అన్నాను" అని అధ్యక్షుడు మైకులో అన్నాడు. అంటున్నప్పుడు ఆయన నాలుకా మడతపడుతూనే ఉంది.

వకుళ ఒంటరి మనిషి. పెళ్ళి చేసుకోలేదు. గొంతుకి మంచిదని స్టీలు ఫ్లాస్కులో మిరియాల కషాయం పట్టుకు తిరుగుతుందని అందరికీ తెలుసు. అందులో ఉన్నది కషాయం కాదని ఆవిడకొక్కర్తికే తెలుసని ఆవిడ అనుకునేది.

మర్నాడు కాకినాడలో గురువుగారింటికి వెళ్ళింది.

పేరిందేవి గొంతు ఉన్నంతకాలం ఊరూరా కథ చెప్పింది. గొంతు పోయాక జగన్నాథపురంలో రెండు గదుల ఇంట్లో కూచుని ఆడపిల్లలకి నేర్పుతోంది. మగపిల్లల్ని ఎందుకు చేర్చుకోరని అడిగితే, "వాళ్ళకి నేర్పడానికి ఊరంతా ఉంది" అనేది.

ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉంది. కథ మొదలెట్టే ముందు మెడలో దండ వేస్తారు. దండ పడ్డాక ఆ మెడ మనది కాదు. మన ఇంట్లో చావున్నా, ఒంట్లో జ్వరమున్నా అది కథలోకి రాకూడదు. మంగళం పాడాక ఆ దండ మనంతట మనం తీసుకోకూడదు. వెనకనించి ఇంకొకరు తియ్యాలి. తీశాక ఇక ఒక్క కథ మాట నోట రాకూడదు. మంచినీళ్ళడగొచ్చు. కాళ్ళు పీకుతున్నాయనొచ్చు. ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకోవచ్చు. పరికిణీ కట్టే వయసునించీ వకుళ మెడలోంచి ఆ దండ తీసింది పేరిందేవి చేతులే.

నవమినాడు దండ తియ్యడానికి ఎవరూ దగ్గరికి రాలేదు. వకుళ దాంతోనే ఇంటికెళ్ళి దాంతోనే పడుకుంది.

తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చింది వకుళ. ఎక్కడ ఏడవాలో కూడా అనుకుని వచ్చింది. పేరిందేవి చేటలో బియ్యం ఏరుకుంటోంది. తల ఎత్తలేదు.

"గజ్జెలు తెచ్చావా?"

"తెచ్చానండి."

"ఇలా ఇయ్యి."

గజ్జెలు తీసుకుని బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది.

"మళ్ళీ ఎప్పుడిస్తారు అమ్మగారూ?"

"నువ్వడిగినప్పుడు కాదు."

"ఇక ముట్టనండి. మీ మీద ఒట్టు."

"దశరథుడి చేత ఒట్టు వేయించావు, హరిశ్చంద్రుడి చేత వేయించావు. అందరిచేతా బాగానే వేయించావు" అంది పేరిందేవి. ఒక రాయి ఏరి గుమ్మంలోకి విసిరింది. "తాగుడు మానేవాళ్ళు ఎక్కడో కలుసుకుంటారట, వారం వారం. వెతుక్కుని వెళ్ళు."

"ఎక్కడండీ?"

"నాకెలా తెలుస్తుందే? తాగేది నేనా?"

వకుళకి రోషం వచ్చింది. వెతికి తీరాలనుకుంది. ఆ పట్టుదల నిజమైనదే. ఆస్పత్రిలో అడిగితే నర్సు, "ఎవరికండీ?" అంది. "మా చుట్టాలకి" అని వచ్చేసింది. చివరికి ఒక ఆటో వెనక అంటించిన కాగితం మీద ఫోను నంబరు దొరికింది. ఆ ఆటో వెనకే జగన్నాథపురం వంతెన దాకా దాదాపు పరిగెత్తి, నంబరు చదువుకుని, ఇంటికొచ్చి తలుపేసుకుని ఫోను చేసింది. నేను తాగుతానండీ అని చెప్పడానికి గుండెనిండా ఊపిరి తీసుకుంది.

అవతల ఒక పెద్దాయన గొంతు. ఎంతో మర్యాదగా, "చెప్పండమ్మా. మీవారు ఎన్నేళ్ళుగా పుచ్చుకుంటున్నారు?" అంది.

ఆ క్షణంలో వకుళకి ఒక మొగుడు పుట్టాడు.

"పదేళ్ళుగానండి" అంది.

"ఆయన్ని తీసుకురాగలిగితే తీసుకురండి. రాకపోయినా మీరు రండి. ఆడవాళ్ళకి పక్క గదిలో వేరే ఉంటుంది. నా పేరు ఇజ్రాయేలండి. వచ్చి నా పేరు చెప్పండి."

చర్చి వెనక ఆదివారపు బడిలో రెండు గదులు, మధ్యన వరండా. ఒక గదిలో తాగుడు మానాలని వచ్చినవాళ్ళు కూచుంటారు. అందరూ మగవాళ్ళే. రెండో గదిలో వాళ్ళ భార్యలు. మగవాళ్ళకి కుర్చీలు వేశారు, ఆడవాళ్ళకి చాపలు. తాగినందుకు కుర్చీ, భరించినందుకు చాప. ఎవరూ కావాలని చెయ్యలేదు. కావాలని చేసినవైతే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మార్చి ఉండేవారు.

మొదటి ఆదివారం వకుళ ఇజ్రాయేలు పేరు ఎవరికీ చెప్పకుండా తిన్నగా ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి, చాప మీద కూచుని మాట్లాడకుండా వచ్చేద్దామనుకుంది. వంతు వచ్చింది. "మీ సంగతి చెప్పండక్కా" అన్నారు. ముందు కూచున్న ముఖాలు కనబడగానే ఆవిడ వెన్ను దానంతటదే నిటారైంది.

చెప్పింది. మొగుడికి సుందరమని పేరు పెట్టింది. కాలేజీలో ఉద్యోగమిచ్చింది. ఎడమ కనుబొమ మీద మచ్చ కూడా పెట్టింది. మొదటివారం తిట్టే మొగుడు. తర్వాతివారం కొట్టే మొగుడు. ఆ పైవారం తన ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చే మొగుడు. గది గదంతా కొంగులతో కళ్ళు తుడుచుకుంది. పక్క గదిలో మగవాళ్ళు కూడా మాటలాపి విన్నారని తర్వాత ఎవరో చెప్పారు.

కథన్నాక మంగళం ఉండాలి. సుందరాన్ని ఊరికే వదిలేస్తే బాగుండదు. అంచేత ఒక వారం అతన్ని మార్చేసింది. "ఆ రాత్రి అన్నం పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే కూచున్నాను. వచ్చి పళ్ళెం తన్నాడు. మళ్ళీ వడ్డించి తెచ్చాను. ఎదురు మాట అనలేదు. మూడోసారికి నా కాళ్ళు పట్టుకున్నాడు. మళ్ళీ మందు ముట్టుకుంటే ఒట్టు" అని చెప్పింది.

వెయ్యేళ్ళుగా ఆడవాళ్ళకి అంటగడుతున్న సరుకే అది. వకుళ కొత్త కాగితంలో చుట్టి ఇచ్చింది.

అందరూ ఏడ్చారు. ఒక్క నూకరత్నం మాత్రం ఏడవలేదు. ఆ అమ్మాయి రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మొగుడి దెబ్బలు పడలేక ఉప్పాడలో పుట్టింటికి వెళ్ళిపోయింది. అక్కణ్ణించే బస్సెక్కి ప్రతి ఆదివారం వచ్చేది. కథ అయ్యాక వకుళ దగ్గరికొచ్చి, "ఎదురు మాట అస్సలనలేదా అక్కా?" అని అడిగింది.

"అస్సలు" అంది వకుళ.

ఆ తర్వాత నూకరత్నం రావడం మానేసింది. వకుళకి ఆ సంగతి పట్టలేదు. ప్రతి ఆదివారం ఇంటికొచ్చి, వెళ్తూనే ఉన్నాను కదా అన్న నిబ్బరంతో ఫ్లాస్కు మూత తీసేది.

దసరా దగ్గరపడింది. అమలాపురంనించి కథకి పిలుపు వచ్చింది. వకుళ గురువుగారింటికి వెళ్ళింది. పేరిందేవి వంటకి బియ్యం కొలుస్తోంది. గిద్దె డబ్బాలోకి దిగినప్పుడల్లా లోపల గజ్జెలు ఘల్లుమంటున్నాయి.

"దసరాకి అమలాపురం వాళ్ళు అడుగుతున్నారండి."

"ఊఁ."

"మీరు చెప్పిన చోటికి వెళ్తున్నానండి. ఒక్క ఆదివారం తప్పలేదు."

"వెళ్ళి ఏం చేస్తావు?"

"వంతు వస్తే చెప్తాం కదండీ. నేను చెప్తే అందరూ ఏడుస్తున్నారు."

పేరిందేవి చేతిలో గిద్దె ఆగింది. "ఏడుస్తున్నారా?"

"అవునండి."

"ఎవరికోసం?"

వకుళ నోట్లో ఎప్పుడూ లవంగం ఉంటుంది. అది ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మారింది. పేరిందేవి ఆ బుగ్గ వంక చూసింది. గిద్దె నిండా బియ్యం తీసి, డబ్బా మూత పెట్టేసింది.

"ఈ ఆదివారం నేనూ వస్తా" అంది.

ఆదివారం ఇద్దరూ ఆటో దిగారు. పేరిందేవి మోకాళ్ళ మీద చేతులాన్చుకుంటూ మెట్లెక్కి వరండాలో ఆగింది.

"ఆ గదిలో ఎవరు?"

"తాగేవాళ్ళండి."

"ఈ గదిలో?"

"వాళ్ళ ఆడవాళ్ళండి."

పేరిందేవి వకుళ వంక చూడలేదు. ఆడవాళ్ళ గదిలోకి నడిచి, గోడకి చేరగిలబడి, చాప మీద కాళ్ళు చాపుకుని కూచుంది. కథకి వచ్చిన మనిషిలాగే కూచుంది.

వకుళకి అంతకన్నా తిట్టినా బాగుండుననిపించింది. ఈ వారం రెండు ముక్కలు చెప్పి ఊరుకోవాలి, వచ్చేవారం చూసుకోవచ్చు అనుకుంది. ఇంతలో గుమ్మంలోంచి నూకరత్నం వచ్చింది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి మెడకి వేలాడేసి ఉంది. పెదవి చిట్లి ఎండింది. ఎడమచేతిలో బట్టల సంచి.

అందరూ అయ్యయ్యో అంటూ లేచారు. నూకరత్నం ఎవరి వంకా చూడలేదు. తిన్నగా వచ్చి వకుళ ముందు కూచుంది.

"మీరు చెప్పినట్టే చేశానక్కా. ఆయన దగ్గరికెళ్ళాను. ఎదురు మాట అనలేదు. పళ్ళెం తంతే మళ్ళీ వడ్డించాను. మళ్ళీ తన్నాడు, మళ్ళీ వడ్డించాను. మూడోసారి చెయ్యి విరిచాడు."



"నేనెక్కడ తప్పు చేశానో చెప్పక్కా" అంది నూకరత్నం. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. వంట నేర్చుకునే పిల్ల అడిగినట్టు అడిగింది. "ఆవేళ మీ ఆయనకి ఏం వండారు? ఏమైనా అన్నారా? నవ్వు ముఖంతో పెట్టారా, ఏడుస్తూ పెట్టారా? నేనేదో సరిగ్గా చెయ్యలేదు. లేకపోతే మీవారు మారి, మా ఆయన మారకపోవడమేంటి?"

ముఖాలన్నీ వకుళ వైపు తిరిగాయి. ఆవిడ వెన్ను నిటారైంది. నోరు తెరిచింది. సుందరం అప్పుడే నాలిక చివరికి వచ్చి నిలుచున్నాడు. అతను మళ్ళీ తాగడం మొదలెట్టాడని చెప్పొచ్చు. అతనూ చెయ్యి విరిచాడని చెప్పొచ్చు. గది ఏడుస్తుంది. నూకరత్నం కూడా ఏడుస్తుంది.

గోడ దగ్గర పేరిందేవి లేచింది. మోకాళ్ళు పట్టుకుని లేచి, చాప పొడుగునా నడిచి వచ్చి, వకుళ వెనక నిలబడింది. రెండు చేతులూ చాచి, వకుళ భుజాల మీద ఏదో ఉన్నట్టు మునివేళ్ళతో పట్టుకుంది. జడకి తగలకుండా, చెవులకి తగలకుండా, తల మీదుగా మెల్లిగా పైకి ఎత్తింది. కళ్ళకద్దుకుంది. తన ఎడమచేతి మీద వేసుకుంది.

అది చూసి పక్కావిడ, "ముసలావిడకి ఏమైందర్రా?" అని గొణిగింది.

వకుళకి తెలుసు. ఆ వేళ్ళు మెడకి తగలకుండానే తెలిశాయి. నాలిక చివరన నిలబడ్డవాడు పోయాడు. ఒక్క కథ మాట మిగల్లేదు.

"మంచినీళ్ళు" అంది.

ఎవరో గ్లాసు ఇచ్చారు. తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"రత్నం, నాకు మొగుడు లేడు" అంది. "ఎప్పుడూ లేడు. సుందరమన్నది వట్టిమాట. తాగేది నేను."

అప్పుడు లేచింది గది. "ఆడదానివై ఉండి!" అంది ఒకావిడ. "మా ఏడుపుతో ఆడుకుంటావా?" అంది ఇంకొకావిడ. అన్నీ న్యాయమైన మాటలే. వకుళ ఒక్కదానికీ చెవులు మూసుకోలేదు.

నూకరత్నం మాత్రం కాసేపు అర్థంకానట్టు చూసింది.

"అయితే ఆయన మారలేదా?"

"లేనివాడు ఎలా మారతాడే?"

"అయితే నా తప్పేం లేదు" అంది నూకరత్నం. మొదట మెల్లిగా, తనకి తను చెప్పుకున్నట్టు అంది. తర్వాత పెద్దగా అంది. "నేను సరిగ్గానే వండాను. సరిగ్గానే పెట్టాను. నా తప్పేం లేదు!" అప్పుడు వకుళ వంక చూసింది. చెయ్యి విరిచినవాణ్ణి చూడాల్సిన చూపు అది. "నీ కథ విని నేను పుట్టింటి గుమ్మం దిగానే" అంది.

వకుళ తల దించుకోలేదు. క్షమించమని అడగలేదు. అడిగితే అదొక కొత్త కథ అవుతుందని భయమేసింది. "అవును" అంది. లేచింది.

వరండా దాటడానికి నాలుగడుగులు చాలు. ఆ నాలుగడుగులూ వెయ్యడానికి ఆవిడకి నవమినించి దసరా దాకా పట్టింది.

మగవాళ్ళ గది గుమ్మంలో ఇజ్రాయేలు ఎదురొచ్చాడు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. "అమ్మా, ఆడవాళ్ళ గది అటండి" అన్నాడు అదే మర్యాదతో.

వకుళ వెనకనించి పేరిందేవి తల ముందుకి చాపింది. "తాగేవాళ్ళ గది ఇదేనా బాబూ?"

"ఇదేనండి."

"అయితే ఇటే. జరుగు."

ఇజ్రాయేలు జరిగాడు. లోపల కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇజ్రాయేలు అటు తిరిగి, "నువ్వు మొదటిరోజు ముక్కు చీదుతూ ఏడిస్తే ఇక్కడెవరూ నవ్వలేదు తమ్ముడూ" అన్నాడు. నవ్వు ఆగింది. వకుళకి కుర్చీ వేశాడు. ఆవిడ గొంతు ఎక్కడో విన్నట్టు ముఖం పెట్టి, "ఫోను చేసింది మీరేనా? మీవారు పదేళ్ళుగా..." అన్నాడు.

"ఆయన లేడండి. ఆ పదేళ్ళూ నావే."

"అడగడంలో పొరపాటు నాదేనమ్మా" అన్నాడు. "చెప్పండి."

వకుళ లేచి నిలబడింది. అలవాటు కొద్దీ కుడికాలు ముందుకి పడింది. చిడతల కోసం చెయ్యి పైకి లేచింది. ఖాళీగా ఉన్న ఆ చెయ్యిని కాసేపు అలాగే చూసి, దించుకుంది. కాలు వెనక్కి తీసుకుని రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుంది.

"నా పేరు వకుళ. నేను తాగుతాను. పొద్దున్న లేవగానే తాగుతాను. ఇక్కడికి వచ్చేముందు కూడా తాగే వచ్చాను" అంది. ఆ పైన మాట రాలేదు. ఇంకా ఏదో చెప్పాలని చూసింది. "అంతేనండి" అని కూచుంది.

ఒక్కరూ ఏడవలేదు. తలలూపారు. వంతు పక్కవాడికి వెళ్ళిపోయింది. అయ్యాక ఇజ్రాయేలు దగ్గరికొచ్చి, "పంతానికి పోయి ఒక్కసారిగా మానెయ్యకండమ్మా, ప్రాణం మీదకొస్తుంది. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికెళ్దాం, నేనొస్తాను" అన్నాడు. వకుళ సరేనంది. ఫ్లాస్కు అతని చేతికిచ్చింది.

బయట వరండా మెట్టు మీద పేరిందేవి, నూకరత్నం కూచుని ఉన్నారు. నూకరత్నం ఉప్పాడ బస్సుకి వెళ్ళాలంది. ముగ్గురూ బస్టాండుకి నడిచారు. వకుళ సంచి అందుకోబోయింది. నూకరత్నం ఇవ్వలేదు. బాగున్న చేత్తో తనే మోసుకుంది. బస్సెక్కేముందు పేరిందేవికి చెప్పింది గానీ వకుళకి చెప్పలేదు.

బస్సు వెళ్ళిపోయింది. పేరిందేవి ఎడమచెయ్యి ఇంకా ఏదో వేసుకున్నట్టు మడిచే ఉంది.

వకుళ అమలాపురం సంగతి ఎత్తలేదు. గజ్జెల సంగతీ ఎత్తలేదు. చాలా దూరం నడిచాక మాత్రం ఆగలేక అంది.

"బాగా చెప్పలేకపోయానండి, అమ్మగారూ. నాలుగు ముక్కలు. అవీ తడబడ్డాను."

పేరిందేవి నడక ఆపలేదు.

"వచ్చే ఆదివారం కూడా బాగా చెప్పకు" అంది.